అప్‌లోడ్ నొక్కే ముందు ప్రాపర్టీస్ చూశారా?

నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి సిలబస్, కటాఫ్ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. దరఖాస్తు మాత్రం చివరి రోజుకి నెట్టేస్తాం. తీరా ఫొటో అప్‌లోడ్ దగ్గర ఎర్ర అక్షరాల్లో ఎర్రర్! వెంటనే నెట్ సెంటర్‌కి పరుగు. నేనూ అలా పరిగెత్తినవాడినే, అదీ ఇంజినీరింగ్ పట్టా చేతిలో పెట్టుకుని. అక్కడి అబ్బాయి రెండు నిమిషాల్లో సరిచేశాడు. ఏం చేశాడో అడగాలని కూడా తోచలేదు. పనికంటే అలా అడగకపోవడమే సిగ్గుచేటు అని ఇప్పుడనిపిస్తోంది.

నిజానికి చూడాల్సినవి మూడే. కొలత, బరువు, ఫార్మాట్. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షలనే తీసుకోండి. ఫొటో 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ. సంతకం 140×60 పిక్సెల్స్, 10 నుంచి 20 కేబీ. పిక్సెల్స్ అంటే కొలత, కేబీ అంటే ఫైల్ బరువు. రెండూ ఒకటి కావు. బరువు ఎంత తగ్గితే అంత మంచిదనుకోకండి, 20 కేబీకి తగ్గినా తిరస్కరిస్తుంది.

విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ నొక్కితే కొలత, బరువు కనిపిస్తాయి. సరిపోకపోతే ముందు క్రాప్ చేయండి, తర్వాతే పెయింట్‌లో రీసైజ్ చేయండి. క్రాప్ చేయకుండా అంకెలు కొట్టేస్తే ముఖం సాగిపోతుంది. ప్రతిసారీ ఒరిజినల్ నుంచే మొదలుపెట్టండి. జేపీజీని సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది. ఫోన్ నుంచి వాట్సాప్‌లో పంపుకుంటుంటే డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే ఫొటో కుదించుకుపోతుంది.

ఇక ఫార్మాట్. ఫైల్ పేరు చివర పీఎన్‌జీ తీసేసి జేపీజీ అని రాస్తే సరిపోదు. చొక్కా మారిస్తే మనిషి మారడు కదా! ఐఫోన్ ఫొటోలు చాలావరకు హెచ్‌ఈఐసీలో ఉంటాయి. వాటినీ ఏదైనా ఎడిటర్‌లో తెరిచి, ‘సేవ్ యాజ్’లో జేపీజీ ఎంచుకోవాలి.

‘ఆన్‌లైన్‌లో ఫ్రీ సైట్లున్నాయిగా, ఇదంతా ఎందుకు?’ అంటారా? అక్కడ మీరు ఇస్తున్నది మీ ముఖం, సంతకం, ఒక్కోసారి బొటనవేలి ముద్ర. ఆ సైట్ ఎవరిదో, ఫైల్‌ని ఎన్నాళ్లు ఉంచుకుంటుందో మీకు తెలియదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిముద్రని మార్చుకోలేం. నెట్ సెంటర్‌లో చేయించినా, లేచి వచ్చేముందు ఆ ఫైళ్లు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి.

ఇంకో మాట. సైట్ ఫైల్‌ని తీసుకున్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. సైట్ చూసేది అంకెలనే. ముఖం, సంతకం స్పష్టంగా లేకపోతే దరఖాస్తును తర్వాతైనా పక్కన పెట్టొచ్చు. పరీక్ష హాల్లో మిమ్మల్ని పోల్చి చూసేదీ ఆ ఫొటోతోనే. అందుకే పంపేముందు ఫైల్ తెరిచి ఒకసారి కళ్లతో చూడండి.

రెజ్యూమెలో ‘కంప్యూటర్ నాలెడ్జ్’ అని అందరం రాస్తాం. అది నిజమో కాదో ఈ చిన్న పనిలోనే తేలిపోతుంది. ఈ ఆదివారం ఓ అరగంట కూర్చోండి. ఒరిజినల్ ఫొటో, తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో చేసిన సంతకం ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. తర్వాతి నోటిఫికేషన్‌కి చివరి రోజు దాకా ఆగాల్సిన పని ఉండదు.