అక్షరము కనబడిన చోటికే చదువరి

కొత్తగూడెములో ఫస్టు షిఫ్టు ముగించి బొగ్గుబాయి నుండి పైకి వచ్చిన కార్మికుడు, క్యాప్‌ల్యాంపు అప్పగించి, స్నానము చేసి, సాయంకాలము బజారులోని నెట్ సెంటరులో గంట లెక్కన సొమ్ము చెల్లించి తెలుగు పత్రిక తెరచుకొనిన ఆ దినములను తలచుకొనినప్పుడెల్ల, బ్రౌజర్ల పోటీలో గెలుపును నిర్ణయించునది నూతన కల్పన కాదనియు, వాడువాని చేతికి అమరుటయే యనియు నాకు దృఢముగా తోచును.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వెలువడినది. ఒకే కిటికీలో పెక్కు పుటలను ట్యాబులుగా తెరచుట, అడుగకయే పైకెగయు ప్రకటనలను అడ్డగించుట మొదలగు సద్గుణములు దానియందు కలవు. అయినను తెలుగు చదువరులలో పెక్కుమంది, 2001 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ను విడువలేకపోయిరి. ఏలయనగా, నాటి తెలుగు పత్రికల వెబ్‌సైట్లు అనేకములు యూనికోడును గాక సొంత ఖతులను (ఫాంట్లను) వాడుచు, ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు అక్షరఖండములను కూర్చియుండెను. ఎక్స్‌ప్లోరర్ ఆ ఖతిని తానే దించుకొని పుటను చక్కగా చూపుచుండగా, ఫైర్‌ఫాక్స్‌లో అదే పుట అర్థముకాని రోమను గుర్తుల రాశియై కనబడెడిది. దోషము ఫైర్‌ఫాక్స్‌ది కాదు, నిజమే. కాని గంటకు సొమ్ము కట్టి వార్తకై వచ్చినవానికి ఆ న్యాయము ఏమి అక్కరకు వచ్చును?

ఈ చిక్కును విప్పినది నాగార్జున వెన్న రచించిన ‘పద్మ’ యను పొడిగింపు. ఆ ఖతుల వ్రాతను అది ఫైర్‌ఫాక్స్‌లోనే యూనికోడు తెలుగుగా మార్చి చూపెను. తెలుగువారి విషయమున ఫైర్‌ఫాక్స్‌కు ట్యాబులకన్న ఈ చిన్న పనిముట్టే ఎక్కువ మేలు చేసినదని నా నమ్మకము.

ట్యాబులు మాత్రము ఫైర్‌ఫాక్స్ సొంత కల్పనయా? అవి ముందే ఆపెరాలో ఉండెను. ముందుండిన కీర్తి ఆపెరాకు రాజ్యమును తెచ్చిపెట్టలేదు. 2008లో వచ్చిన క్రోమ్, చిరునామాకును వెదకుటకును ఒకే పట్టీని అమర్చి, బ్రౌజర్ల వాడుకను లెక్కించు స్టాట్‌కౌంటర్ లెక్కలలో 2012 మే నాటికి ఎక్స్‌ప్లోరర్‌ను దాటినది. విండోస్‌తో కలిపి ఇచ్చుటవలన ఎక్స్‌ప్లోరర్‌కును, గూగుల్ ముఖపుటపై పిలుపువలన క్రోమ్‌కును కలిగిన లాభమును నేను తక్కువ చేయను; వెదకనక్కరలేక చేతికందుటయు సౌలభ్యమే కదా.

ఆ కార్మికుడు నేడు విశ్రాంత జీవి. వాకిట కూర్చుండి, ఫోనులో రెండు వ్రేళ్లతో అక్షరమును పెద్దదిగా చేసికొని వార్త చదువుచున్నాడు. అది ఏ బ్రౌజరని అడిగినచో, తల యెత్తకయే “నెట్టు” అనును.