కొంటే పన్ను కోత, పంచుకుంటే జరిమానా

కారు కొనాలా, నలుగురితో కలిసి వాడుకోవాలా? హైదరాబాద్‌లో ఓ మధ్యతరగతి కుటుంబం ఈ ప్రశ్న వేసుకునే వీలే లేకుండా చేశాయి మన ప్రభుత్వాలు. కొనేవాడికి దారులన్నీ తెరిచి, పంచుకునేవాడికి అడుగడుగునా అడ్డం పడుతున్నాయి. ఇంత ట్రాఫిక్ ఎక్కణ్నుంచి వచ్చిందని మళ్లీ జనాన్నే తప్పుపడుతున్నాయి.

సగటు కుటుంబం లెక్క చూడండి. 8 లక్షల కారుకు తెలంగాణలో లైఫ్ ట్యాక్సు 14 శాతం, అంటే లక్షా 12 వేలు. 7 లక్షల అప్పును 9 శాతం వడ్డీకి అయిదేళ్లలో తీర్చాలంటే నెలకు 14,500 పైచిలుకు ఈఎంఐ. వడ్డీయే లక్షా 70 వేలు దాటుతుంది. బీమా, సర్వీసింగు, టైర్లు, పెట్రోలు వేరే. ఇంత పోసి కొన్నది రోజుకు రెండు గంటలు రోడ్డెక్కితే మిగతా 22 గంటలూ సెల్లారులోనో వీధిలోనో పడి ఉంటుంది.

ఈ లైఫ్ ట్యాక్సులోనే అసలు లోపం ఉంది. కారు ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగినా, ఇరవై వేలు తిరిగినా పన్ను ఒక్కటే. ముందే కట్టేశాం కదా, తీయకపోతే నష్టమేగా అనిపిస్తుంది ఎవరికైనా. వీధి చివర పాల ప్యాకెట్టుకు కూడా కారే బయల్దేరుతుంది. దీనికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీని 18 శాతానికి తగ్గించారు. సొంత కారు ఆశపడే కుటుంబానికి అది ఊరటే, కాదనం. ఆ కార్లు నిలిచే చోటు గురించి ఆలోచించిన వారెవరు?

రాత్రి పది దాటాక ఏ కాలనీకైనా వెళ్లి చూడండి. ముప్పై అడుగుల రోడ్డుకు రెండువైపులా కార్లు. ప్రతి గేటుకూ నో పార్కింగ్ బోర్డు. తమ కారు చోటు ఎవరూ ఆక్రమించకుండా అడ్డంగా పెట్టిన సిమెంటు ఇటుకలు, పూలకుండీలు. మధ్యలో మిగిలిన సందులోంచి అంబులెన్స్ రావాలి. అందరి సొమ్ముతో వేసిన రోడ్డు కొందరి కార్ల షెడ్డయింది. దానికి కాలనీలో కట్టే అద్దె సున్నా.

మరి పంచుకుందామనుకున్నవాడి గతేమిటి? 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తెల్ల నంబరు ప్లేటు కారులో డబ్బు తీసుకుని మనిషిని ఎక్కించుకోవాలంటే పర్మిట్ ఉండాలి. లేకపోతే 10 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ప్రమాదం జరిగితే, కిరాయికి తిప్పారంటూ బీమా కంపెనీ క్లెయిము తోసిపుచ్చగలదు. సొంత కార్లలో తోటివారిని ఎక్కించుకోవడానికి 2020 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. నగరంలో రోజుకు నాలుగు ట్రిప్పులని పరిమితీ పెట్టింది. వద్దనే అధికారం మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంచింది. 2023లో బెంగళూరులో యాప్‌ల కార్‌పూలింగ్‌పై రేగిన దుమారం ఈ అయోమయం పుణ్యమే. ఒకే ఆఫీసుకు వెళ్లే నలుగురు ఒకే కారెక్కి పెట్రోలు ఖర్చు పంచుకుంటే శభాష్ అనాలా, చలానా రాయాలా? ట్రాఫిక్ పోలీసుకైనా స్పష్టంగా చెప్పాలి కదా!

నడుపుకోవడానికి కార్లు అద్దెకిచ్చే లైసెన్సు కథ ఇంకా అన్యాయం. 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ స్కీము కనీసం 50 కార్లుండాలని షరతు పెట్టింది. నల్ల ప్లేటుపై పసుపు అక్షరాల కార్ల వ్యాపారం పెద్ద పెట్టుబడిదారులకే అని దాని అర్థం. రెండు వందల ఇళ్ల అపార్టుమెంటు సంఘం అయిదు కార్లు కొని, వాడినవారి దగ్గర గంటల లెక్కన వసూలు చేద్దామనుకుంటే ఏ కిటికీ దగ్గరికి వెళ్లాలి? స్విట్జర్లాండ్‌లో 1987లో కొద్దిమంది సామాన్యులు కూడి మొదలుపెట్టిన రెండు చిన్న సంఘాలే 1997లో కలిసి మొబిలిటీ అనే సహకార సంఘమయ్యాయి. అది ఇప్పుడు దేశమంతటా నడుస్తోంది. పారిస్‌లో 2011లో మొదలైన ఆటోలిబ్ మాత్రం నష్టాలు ఎవరు భరించాలన్న తగవుతో 2018లో మూతపడింది. కాబట్టి ఒకే కంపెనీకి రాసిచ్చి చేతులు దులుపుకోవడమూ పరిష్కారం కాదు.

పంచుకోవడం మనకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. షేర్ ఆటో ఎక్కని తెలుగువాడు ఎవరు? బస్సు రాని చోటికి జనం తమంతట తాము కల్పించుకున్న ఏర్పాటది. దాన్ని క్రమబద్ధం చేయాల్సిన ప్రభుత్వం చలానాలతో వెంటపడింది. ఇటు 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత హైదరాబాద్‌లో సిటీ బస్సులను తగ్గించారు. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలై రద్దీ పెరిగినా, ఆ మేరకు బస్సులు పెరగలేదు. 69 కిలోమీటర్ల మెట్రో ఉన్నా, స్టేషన్ నుంచి ఇంటికి చేరడమెలా అన్నది ప్రయాణికుడి తలనొప్పిగానే మిగిలింది. విసిగిన మనిషి చివరికి అప్పు చేసి కారు కొంటున్నాడు. అతణ్ని ఎలా తప్పుపడతాం?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చేయాల్సింది స్పష్టం. ఖర్చు పంచుకునే ప్రయాణం నేరం కాదని, దానికి బీమా వర్తిస్తుందని ఉత్తర్వులివ్వాలి. కాలనీ సంఘాలకు అయిదు కార్లతోనైనా లైసెన్సు ఇవ్వాలి, అందుకు కేంద్రంతో పోరాడాలి. వీధిలో నిలిపే కారుకు అద్దె వసూలు చేసి, ఆ సొమ్ముతో బస్సులు కొనాలి. షోరూం మెట్లెక్కే ముందు పాఠకులు కూడా ఒక పని చేయాలి. మీ కాలనీ సంఘం సమావేశంలో ఈ విషయం లేవనెత్తండి, తీర్మానం చేయించండి, మీ ఎమ్మెల్యే చేతికివ్వండి.