కడిగే చేతికి ఖరీదు కట్టొద్దా?

"ఇంట్లో ఖాళీగానే ఉన్నావుగా, ఏదైనా చేసుకోకూడదూ?" అని సలహా ఇచ్చేవాళ్లు మన చుట్టూ ఎంతమందో! ఆ 'ఏదైనా' అన్న మాటకి అర్థం మాత్రం తరాలు గడిచినా పెద్దగా మారలేదు. పచ్చళ్లు పెట్టడం, చీరలకి ఫాల్స్ కుట్టడం, చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పడం. ఇంకాస్త ధైర్యం ఉంటే బ్యూటీ పార్లర్. ఇవి చిన్న పనులని నేననడం లేదు. 1959లో ముంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టిన లిజ్జత్ పాపడ్ ఎంతగా ఎదిగిందో అందరికీ తెలిసిందే. కానీ ఆడవాళ్ల వ్యాపారం వంటిల్లూ, కుట్టుమిషనూ దాటి వీధిలోకి వచ్చిందంటే మాత్రం మనవాళ్ల మొహాల్లో రంగులు మారిపోతాయి.

మా పిన్ని కూతురు బీకాం చదివింది. ఇద్దరు పిల్లలు. పోయినేడాది శని, ఆదివారాల్లో పొద్దుటిపూట కార్లు శుభ్రం చేసే పని పెట్టుకుంటానంది. షాపు అక్కర్లేదు, స్కూటర్ మీద సామాను వేసుకుని కారున్న వాళ్లింటికే వెళ్లి చేసి రావడం. దీన్నే ఇప్పుడు కార్ డీటెయిలింగ్ అంటున్నారు. రోజూ పైపైన దుమ్ము తుడవడం కాదిది. సీట్ల సందుల్లో ఇరుక్కున్న బిస్కెట్ పొడి దగ్గర్నుంచి ఏసీ జాలీల్లో మట్టి, తలుపు మడతల్లో పేరుకున్న జిడ్డు, చక్రాలకి పట్టిన బ్రేకుల నల్లపొడి దాకా అంతా తీసి, చివరికి రంగు మీద మైనం పూత పూసి అప్పగించాలి. ఒక్కో కారుకి మూడు గంటలైనా పడుతుంది.

వాళ్లింట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది. "డిగ్రీ చదివింది ఊళ్లోవాళ్ల కార్లు కడగడానికా?" అని అత్తగారు. "నలుగురూ ఏమనుకుంటారే!" అని మా పిన్ని. "నీ ఇష్టం" అన్నాడట మొగుడు, బొత్తిగా ఇష్టం లేని గొంతుతో.

నాకు అర్థం కానిదొకటే. పొద్దున లేచింది మొదలు మనం చేసేది కడగడం కాక మరేమిటి? అంట్లు, బట్టలు, గచ్చు, స్టవ్వు, బాత్‌రూములు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జనం తమ సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేయించింది. జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లకి దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పడుతోందని తేలింది. అంటే దాదాపు అయిదు గంటలు. అదే మగవాళ్లకి 97 నిమిషాలు. అదీ, ఆ పనికి చెయ్యి వేసే మగవాళ్లు నూటికి 26 మందే! ఈ అయిదు గంటల చాకిరీ నామోషీ అని ఏ అత్తగారూ అనలేదు. పైగా 'ఇల్లు అద్దంలా ఉంచుతుంది' అని మెచ్చుకుంటారు. ఆ చేతులే గడప దాటి, డబ్బు తీసుకుని కడిగితే పరువు తక్కువ. అంటే వీళ్లకి అభ్యంతరం కడగడం మీద కాదు, దానికి డబ్బు అడగడం మీద!

పోనీ, ఇదేమైనా చదువూ సంధ్యా అక్కర్లేని పనా? గిన్నెలు తోమే సబ్బుతో కారు కడిగితే రంగు మీదున్న మైనం కాస్తా లేచిపోతుంది. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే అందులోని ఇసుక రేణువులు గీతలు గీస్తాయి. ఎండలో చూడండి, సాలెగూడు గీసినట్టు కనిపిస్తాయి. అందుకే రెండు బకెట్లు ఉండాలి, ఒకటి షాంపూ నీళ్లకి, రెండోది మురికి గుడ్డ జాడించడానికి. చక్రాల గుడ్డ బాడీకి తగలకూడదు. పైనుంచి కిందికి రావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో కడిగితే నీళ్లు ఇట్టే ఆరిపోయి మచ్చలు కట్టేస్తాయి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆ బెడద మరీ ఎక్కువ. మైక్రోఫైబర్ గుడ్డల్ని మెత్తదనం కోసం కంఫర్ట్‌లో ముంచారంటే అవి నీళ్లు పీల్చడం మానేస్తాయి. పాలిష్ మిషను జోలికి మాత్రం మొదట్లోనే వెళ్లొద్దు. రంగు మీదుండే క్లియర్ కోట్ చాలా పలుచన. అంచుల దగ్గర మిషను రెండు క్షణాలు ఎక్కువ ఆగిందా, పూత లేచిపోతుంది. ఇదంతా మా చెల్లెలు తన మామగారి పాత కారు మీద రెండు నెలలు చేసి చూసి నేర్చుకుంది.

సరే, పని వచ్చింది. మరి ఎంత తీసుకోవాలి? మనవాళ్లు తడబడేది ఇక్కడే. "ఎంతో కొంత ఇవ్వండి, మనలో మనకేముంది" అనే మొహమాటం ఆడవాళ్ల వ్యాపారానికి మొదటి చీడ. ఒక లెక్క వేసి చూద్దాం. కారుకి 600 రూపాయలు తీసుకున్నారనుకుందాం. షాంపూ, మైనం, పెట్రోలు, గుడ్డల అరుగుదల కలిపి 250 పోతుంది. మిగిలేది 350. మూడు గంటల పనికి ఫర్వాలేదే అనిపిస్తుంది. కానీ రానూపోనూ ఒక గంట. ఇంటికొచ్చి గుడ్డలు ఉతికి ఆరేసి, వాక్యూమ్ దులిపి పెట్టుకోవడానికి అరగంట. ఫోన్లకి ఇంకో అరగంట. మొత్తం అయిదు గంటలు. అంటే గంటకి 70 రూపాయలు! అదే 1,500 తీసుకుంటే గంటకి 250 మిగులుతుంది. 'ఎలాగూ ఇంట్లోనే ఉన్నాంగా' అని మన సమయాన్ని ఉచితం కింద రాసేసుకుంటే, మన ఇంటి చాకిరీని ఊళ్లోవాళ్ల ఇళ్లకి కూడా పంచిపెడుతున్నట్టే. శనివారం పిల్లల్ని చూసుకున్నవాళ్ల సమయాన్ని కూడా ఆ లెక్కలో కలపండి. పార్ట్‌టైమ్ అంటే సగం రేటు అని కాదు, తక్కువ గంటలు అని.

అసలు సంగతి ఇంకొకటుంది. మన అపార్టుమెంట్లలో ఇంటింటికీ వెళ్లి కార్లు శుభ్రం చేసే వ్యాపారం కొత్తదేం కాదు. తెల్లవారుజామునే సెల్లార్‌లో బకెట్టూ, పాత బనీను గుడ్డా పట్టుకుని వరసగా కార్లు తుడిచే వాచ్‌మన్ భార్య ఎన్నో ఏళ్లుగా ఆ పనే చేస్తోంది. కారుకి నెలకి కొన్ని వందలు ఇచ్చి, పండక్కి ఓ చీర పెట్టి, మనం ఎంతో చేశామనుకుంటాం. ఆవిణ్ణి ఎవరూ 'వ్యాపారం చేస్తోంది' అనలేదు. ఆవిడ తుడిస్తే గీతలు పడ్డాయని సణిగే వాళ్లున్నారు గానీ, చేతికో మంచి గుడ్డ కొనిచ్చినవాళ్లెందరు?

మా చెల్లెలు మొదట వాళ్ల అపార్టుమెంట్లోనే పని మొదలెట్టింది. మూడో వారం వాచ్‌మన్ భార్య వచ్చి, "అమ్మా, నా కార్లు మీరు తీసేసుకుంటారా?" అని అడిగిందట. ఆ ప్రశ్నకి మనలో ప్రతివాళ్లూ జవాబు వెతుక్కోవాలి. చదువుకున్నవాళ్లం ఒక ఇంగ్లీషు పేరు తగిలించుకుని వెళ్లి, లేనివాళ్ల నోటి దగ్గర కూడు లాక్కుంటే అది స్వయం ఉపాధి ఎలా అవుతుంది? మా చెల్లెలు ఆవిడ రోజువారీ కార్ల జోలికి వెళ్లలేదు. ఆదివారాలు తనతో కలుపుకుంది. పెట్టుబడికి కొంత పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో ఇద్దరికీ గంటకి ఒకటే రేటు. ఈవిడ ఆవిడకి రెండు బకెట్ల పద్ధతి నేర్పింది. ఏ ఫ్లాటు ఆయన డబ్బులకి పదిసార్లు తిప్పుతాడో ఆవిడ ఈవిడకి ముందే చెప్పింది! 'ఇదేం న్యాయం, చదువుకి విలువ లేదా' అంటున్నారు కొందరు. కారు తలుపు సందులో మురికికి బీకాం తెలీదండీ. తీసిన చెయ్యే తెలుస్తుంది.

ఈ పని చేద్దామనుకునే చెల్లెళ్లకి నాలుగు మాటలు. మొదటి కార్లు తెలిసినవాళ్లవీ, డ్రైవింగ్ చేసే ఆడవాళ్లవీ అయితే మంచిది. ఇద్దరు కలిసి వెళ్లండి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో రాసిపెట్టి వెళ్లండి. మూసిన గరాజుల్లో కాకుండా నలుగురూ తిరిగేచోట చెయ్యండి. పని మొదలెట్టేముందు కారు చుట్టూ ఫొటోలు తీసుకోండి. పాత సొట్టలు మన మీద పడకుండా ఉంటాయి. సీట్ల కింద దొరికిన చిల్లర, చెవిపోగులు ఒక కవర్లో వేసి చేతికివ్వండి. నీళ్ల విషయంలో జాగ్రత్త. 2024 మార్చిలో బెంగుళూరులో నీటి కటకట వచ్చినప్పుడు తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. మరీ బురద కొట్టుకుపోని కారైతే ఒక్క బకెట్టుతోనే పని తేల్చే షాంపూలు వచ్చాయి, అవి వాడండి. 'ఉద్యమ్'లో పేరు నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. పెట్టుబడికి ముద్ర పథకం కింద 50,000 వరకు 'శిశు' రుణం ఉంది, తాకట్టు అడగరు. అయినా మొదట అప్పు లేకుండా బకెట్లతోనే మొదలుపెట్టడం మేలు.

అన్నిటికన్నా ముందు ఒక నోటు పుస్తకం కొనుక్కోండి. 1990ల్లో మన పల్లెల్లో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి, దాన్ని పుస్తకంలో రాయించుకున్నారు. అక్షరం రానివాళ్లు కూడా ఆ లెక్క దగ్గర రాజీ పడలేదు. చదువుకున్న మనం మన గంటల లెక్క రాసుకోవడానికి సిగ్గుపడటం దేనికి? మనం కడిగిన ప్రతి గంటా అందులో రాద్దాం. మన పక్కన నిలబడి కడిగిన ఇంకో ఆడదాని గంట కూడా అదే పేజీలో, అదే రేటుకి రాద్దాం. నలుగురూ ఏమనుకుంటారో అంటారా? వాళ్ల కార్లు కూడా మురికి పట్టే ఉంటాయి. ఇవాళ కాకపోతే రేపు ఫోన్ చేస్తారు!