బిడ్డల సాక్ష్యము

తమ బిడ్డలను తాము ప్రేమించుట లేదని యొప్పుకొను తల్లిదండ్రులు మన దేశమున అరుదు. పొలము కుదువబెట్టి చదువు చెప్పించిన తండ్రులును, తాము పస్తుండి బిడ్డలకు పెట్టిన తల్లులును మన యూళ్లలో నెందరో గలరు. ఆ ప్రేమను మేము శంకింపము. కాని యిచ్చినవారు వ్రాసికొన్న లెక్క యొకటి, పుచ్చుకొన్నవారికి ముట్టినది వేరొకటి కావచ్చును. ఈ రెండవ లెక్కను మన మెన్నడైన నడిగితిమా?

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీని నడుగుటకు సాధనములు కల్పించియున్నారు. 1957లో లండనులో ఈవా బెనె, జేమ్స్ ఆంథొనీ యనువారు ప్రకటించిన కుటుంబ సంబంధ పరీక్ష వానిలో నొకటి. బిడ్డ యెదుట అట్టబొమ్మలను ఉంచుదురు. తల్లి యెవరో, తండ్రి యెవరో, తోబుట్టువు లెవరో బిడ్డయే యేరుకొనును. ప్రతి బొమ్మకును ఒక పెట్టె యుండును. ప్రేమను, కోపమును తెలుపు మాటలుగల చీట్లను ఒక్కొక్కటిగా నిచ్చి, అవి యెవరికి తగునో వారి పెట్టెలో వేయుమందురు. ఎవరికిని తగని చీటిని వేయుటకు ‘ఎవరునుకానివాడు’ అను బొమ్మ యొకటి ప్రత్యేకముగా నుండును. పెద్దల యెదుట నోట రాని మాట ఇట్లు చేతి మీదుగా వెలువడును. ప్రేమ చీట్లు ఆ యెవరునుకానివాని పెట్టెలో పడుచుండగా చూచిన తండ్రి మనస్సెట్లుండునో పాఠకులే యూహింతురు గాక.

1979లో ఆస్ట్రేలియాలో గోర్డన్ పార్కరు, ఆయన సహచరులు ప్రకటించిన ప్రశ్నావళి మరియొకటి. పెరిగి పెద్దవారైనవారు తమ మొదటి 16 ఏండ్ల జీవితమును తలచుకొని, తల్లిని గూర్చి వేరుగను, తండ్రిని గూర్చి వేరుగను 25 వాక్యములకు సమాధాన మిత్తురు. వానిలో 12 ఆదరణను, 13 అతిసంరక్షణను కొలుచును. రెండును హెచ్చుగ నున్నచో ప్రేమతో కూడిన నిర్బంధమనియు, ఆదరణ తక్కువయై అదుపు హెచ్చైనచో ప్రేమలేని శాసనమనియు పేరు పెట్టిరి. ఆదరణ వేరు, అదుపు వేరు అనుటయే యిందలి సారము. మన యిండ్లలో నీ రెంటిని ఒకే కుంచముతో కొలుచుట పరిపాటి. పదవ తరగతి దాటగనే పిల్లవానిని వసతి కళాశాలలో చేర్చి, జీతము చెల్లించి, ఫోనులో మార్కులు మాత్ర మడుగు తండ్రి తాను ప్రేమించుచున్నాననియే తలచును. పిల్లవాడు దానిని ఏ పెట్టెలో వేయుచున్నాడో ఆయన యెరుగడు.

అయినను పరదేశపు కొలతను తెలిగించినంత మాత్రమున మనకు సరిపడదు. చైనీయ కుటుంబములలో తల్లిదండ్రుల కఠినత్వము శిక్షణగను, శ్రద్ధగను భావింపబడుననియు, పాశ్చాత్యులు వాడు పేర్లు దానికి చక్కగ నతుకవనియు అమెరికాలో రూత్ చావ్ 1994లో నిరూపించెను. అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామల చేతులలో పెరుగు మన బిడ్డల కొరకు ప్రశ్నలు తెలుగుననే పుట్టి, తెలుగు బిడ్డల యెదుటనే పరీక్షింపబడవలయును. ఇది మన విశ్వవిద్యాలయముల విధి. మరియు బిడ్డ చెప్పిన సమాధానము తల్లిదండ్రుల చేతికో, ఉపాధ్యాయుని చేతికో చేరి బెత్తముగా మారరాదు. ఒకనాటి అలుకతో చెప్పిన మాటను తీర్పుగను గైకొనరాదు.

బిడ్డలచే పెద్దలకు మార్కులు వేయించుట మర్యాదకు భంగమని కొంద రాక్షేపింతురు. భయము వలన నిలుచు మర్యాద బిడ్డ రెక్కలు వచ్చి యెగిరిపోవు వరకే నిలుచును. ఇంతకు నీ యడుగుట మనకు క్రొత్త కాదు. మైనరు బిడ్డ వివేకముతో తన యిష్టమును తెలుపగల వయస్సువాడైనచో, ఆ యిష్టమును న్యాయస్థానము గమనింపవచ్చునని 1890 నాటి సంరక్షకుల చట్టమే చెప్పుచున్నది. బిడ్డల అభిప్రాయమును వినవలెనను అంతర్జాతీయ ఒడంబడికలో 1992లో మన దేశము చేరినది.

కుటుంబము చీలి వ్యాజ్యమైన పిదప న్యాయాధిపతి అడుగు మాటను, కుటుంబము కలిసియుండగనే తల్లిదండ్రు లేల అడుగరాదు? శాస్త్రజ్ఞుల ప్రశ్నావళులు సిద్ధమగు వరకు వేచియుండ నక్కరలేదు. మార్కుల ప్రసక్తి లేకుండ బిడ్డతో నొక పూట కూర్చుండి, కోపపడక, అడ్డుపడక, చెప్పినదెల్ల వినుడని మేము పాఠకులను కోరుచున్నాము.