మీ వెబ్‌సైట్ ఎవరి పేరున ఉంది?

పచ్చళ్ల సీసా మీద, స్వీటు డబ్బా మీద, చీరల సంచి మీద వెబ్‌సైట్ చిరునామా అచ్చు వేయించుకున్న ప్రతి చిన్న వ్యాపారీ ఈ వారంలోనే ఒక పని చేయాలి. ఆ చిరునామా, అంటే డొమైన్, ఎవరి ఖాతాలో రిజిస్టరై ఉందో కనుక్కోవాలి. అడిగి చూస్తే చాలామంది దగ్గర జవాబు ఉండదు. “సైట్ చేసిన అబ్బాయి చూసుకుంటాడు” అంటారు. ప్రమాదమంతా ఆ మాటలోనే ఉంది.

జరిగేది ఇదీ. తెలిసినవాళ్ల కుర్రాడు ఒక ప్యాకేజీ చెబుతాడు. డొమైన్, హోస్టింగ్, డిజైన్ అన్నీ అందులోనే. కొనేటప్పుడు తన ఈమెయిల్, తన ఫోన్ నంబరు, తన కార్డు వాడేస్తాడు. మోసం చేద్దామని కాదు, పని త్వరగా తెమిలిపోతుందని. కానీ డొమైన్ అమ్మిన కంపెనీ లెక్కలో యజమాని అతనే. ఓటీపీ అతనికే వెళ్తుంది, గడువు దగ్గరపడిందని చెప్పే ఈమెయిలూ అతనికే వెళ్తుంది. కొన్నాళ్లకు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్తాడు, నంబరు మారుస్తాడు, పాత ఈమెయిల్ తెరవడం మానేస్తాడు. అందరూ ఇంత అమాయకులూ కారు. డబ్బు దగ్గర మాట తేడా వస్తే లాగిన్ ఇవ్వకుండా బిగదీసుకుని కూర్చునేవాళ్లూ ఉన్నారు. పట్టాదారు పాసుపుస్తకం వేరొకరి పేరున ఉన్న పొలంలో మనం బోరు వేయిస్తామా? వెబ్‌సైట్ విషయంలో మాత్రం పేరు ఎవరిదో చూసుకోకుండానే ప్రకటనల మీద వేలకు వేలు పోస్తున్నాం.

గడువు తప్పితే ఏమవుతుందో తెలుసుకోండి. డాట్ కామ్ పేరైతే, గడువు తీరాక దాన్ని అమ్మిన కంపెనీ తన పద్ధతిని బట్టి 45 రోజుల వరకు అట్టిపెట్టుకోవచ్చు. ఈలోపే వేలానికి పెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. పేరు రద్దయితే మరో 30 రోజుల పాటు అదనపు రుసుము కట్టి విడిపించుకునే వీలుంటుంది. అదీ దాటాక 5 రోజులు ఎవరికీ అందదు. ఆ తర్వాత ప్రపంచంలో ఎవరైనా కొనుక్కోవచ్చు. కొనడానికి కాచుకుని కూర్చునేవాళ్లు నిజంగానే ఉన్నారు. ఏళ్ల తరబడి నడిచిన సైట్‌కు గూగుల్‌లో వచ్చిన విలువను వాడుకుని, అదే పేరు మీద బెట్టింగ్ పేజీలు నడుపుతారు. ఈ బెడద ఎంత ముదిరిందంటే, గడువు తీరిన డొమైన్లను ఇలా వాడుకోవడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ కింద చేర్చింది. డాలస్‌లో ఉన్న ఆడపడుచు గోంగూర పచ్చడి కోసం పాత సీసా మీది చిరునామా కొడితే పేకాట పేజీ తెరుచుకుంటుంది. అంతకన్నా ఘోరం, మీ పేరుతో, మీ ఫొటోలతోనే దుకాణం తెరిచి ఉంటుంది. ఆమె డబ్బు కడుతుంది, పచ్చడి రాదు. తిట్లు మాత్రం మీకు వస్తాయి.

ఈ గొడవంతా ఎందుకు, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ చాలవా అంటారు కొందరు. చాలవు. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించగానే, దాన్నే నమ్ముకుని కొనుగోలుదారులను పోగేసుకున్నవాళ్ల శ్రమంతా ఒక్కసారిగా పోయింది. 2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ కలిసికట్టుగా ఆరు గంటలు ఆగిపోయాయి. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు చిన్న దుకాణాలకు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసేసింది. ఆ చిరునామాలు జూన్ 10 వరకు ప్రొఫైల్‌కు దారి మళ్లాయి, ఆ తర్వాత అదీ లేదు. సొంత డొమైన్ ఒక్కటే హోస్టింగ్ మారినా, డిజైనర్ మారినా మనతోనే నిలుస్తుంది. అందుకే అది మన చేతిలో ఉండి తీరాలి.

ఎలా చూసుకోవాలి? డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో మీ డొమైన్ కొడితే ఏ కంపెనీలో కొన్నారో, గడువు ఏ తేదీన తీరుతుందో కనిపిస్తుంది. యజమాని పేరు ఇప్పుడు చాలావరకు దాచి ఉంచుతున్నారు కాబట్టి అక్కడితో తృప్తి పడొద్దు. అసలు పరీక్ష లాగిన్. ఆ కంపెనీలో మీ పేరున ఖాతా తెరిచి, డొమైన్‌ను అందులోకి మార్చమని డెవలపర్‌ను అడగండి. ఒకే కంపెనీలో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చడం మామూలుగా పెద్ద పనేమీ కాదు. ఈమెయిల్ మీదే ఉండాలి, ఫోన్ మీదే ఉండాలి, రెండంచెల భద్రత పెట్టాలి, ఆటో రెన్యూవల్ మీ కార్డు మీదే ఉండాలి. మొదటి ఏడు కారుచౌకగా ఇచ్చి రెండో ఏడు నుంచి ధర పెంచడం ఈ వ్యాపారంలో మామూలే. కొనేముందే రెన్యూవల్ ధర చూడండి. మీ బ్రాండ్ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించడం ఇంకా మంచిది. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక తరగతికి 4,500 రూపాయలు. రేపు ఎవరైనా మీ పేరుతో డాట్ ఇన్ డొమైన్ పట్టుకుపోతే, ఆ వివాదంలో మీకు గట్టి ఆధారం అదే.

ప్రచారం పేరుతో వచ్చే ఫోన్లు మరో ఉచ్చు. “గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ షాపును మొదటి స్థానంలో పెడతాం” అన్నవాణ్ని నమ్మకండి. మొదటి స్థానం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. మ్యాప్స్‌లో కనిపించే బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. దాని వెరిఫికేషన్ కోడ్ ఫోన్లో చెప్పారంటే మీ దుకాణం ప్రొఫైల్ పరాయివాడి చేతిలో పడుతుంది. ఎవరికైనా పని అప్పగించాలంటే మేనేజర్‌గా చేర్చండి, ఓనర్‌గా వద్దు. ప్రకటనల ఖాతా కూడా మీ పేరునే తెరిపించండి.

ఇవి సర్దుకున్నాకే సైట్ అందచందాల మాట. కొనేవాడికి కావలసింది కదిలే బొమ్మలు కాదు. ధర, తూకం, డెలివరీ ఎన్నాళ్లకు, ఎత్తే ఫోన్ నంబరు, మీరు తీసిన అసలు ఫొటోలు, తెలుగులో నాలుగు ముక్కలు. తిండి సరుకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపాలనీ, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలనీ 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. చాలా చిన్న సైట్లలో ఇది కనబడదు.

మీ పేరుతో నకిలీ సైట్ కనిపిస్తే స్క్రీన్‌షాట్లు దాచి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో వెంటనే ఫిర్యాదు చేయండి. డబ్బు పోగొట్టుకున్న కస్టమర్‌తో 1930కి ఫోన్ చేయించండి. ఎంత ఆలస్యమైతే డబ్బు అంత దూరం పోతుంది.

డొమైన్ మీ ఖాతాలో లేదని తేలితే డెవలపర్‌తో తగువు పెట్టుకోకండి, ముందు మర్యాదగా మాట్లాడి మార్పించుకోండి. గడువు ముగిశాక బతిమాలుకోవడం కన్నా గడువు ఉండగా అడగడం తేలిక. కొత్త సంచులు అచ్చుకు ఇవ్వాలనుకుంటున్నవాళ్లు, పండగ ప్రకటనలకు డబ్బు కట్టబోతున్నవాళ్లు ఒక్క రోజు ఆగండి. ముందు ఆ లాగిన్ తెప్పించుకోండి.