వాలు అక్షరాల ఔచిత్యం

గ్రంథ పఠనంలో మన దృష్టి భావం మీద నిలుస్తుంది. ఆ భావాన్ని మోసే అక్షరాల ఆకృతిని మనం సాధారణంగా గమనించము. కాని అక్షరాకృతికి సైతం ఒక ప్రయోజనం ఉన్నది. ఆంగ్ల గ్రంథాలలో కుడివైపుకు వాలి కనిపించే ఇటాలిక్ అక్షరాలే ఇందుకు నిదర్శనం.

ఈ అక్షరాలకు జన్మస్థానం ఇటలీ. అందువల్లనే వాటికి ఆ పేరు వచ్చినది. వెనిస్ నగరంలో ముద్రాపకుడైన ఆల్డస్ మనూషియస్ 1501లో లాటిన్ మహాకవి వర్జిల్ కావ్యాలను, చేతిలో ఇమిడే చిన్న గ్రంథంగా, ఈ అక్షరాలతో ప్రచురించాడు. వాటిని చెక్కిన శిల్పి ఫ్రాంచెస్కో గ్రిఫో. ఆ గ్రంథంలోనే ఆల్డస్ ఆ శిల్పి హస్తకౌశలాన్ని పద్యరూపంలో ప్రశంసించడం విశేషం.

ఇటాలిక్ అంటే నిటారు అక్షరాన్ని పక్కకు వంచడం మాత్రమే కాదు. అది నాటి ఇటలీ పండితుల వేగవంతమైన చేతివ్రాతకు అచ్చులో లభించిన రూపం. నిటారు అక్షరాల పాదాల వద్ద అడ్డంగా ఉండే చిన్న గీతలను సెరిఫ్‌లు అంటారు. ఇటాలిక్‌లో అవి కలం విదిలింపుల వలె మారుతాయి. అక్షరాలు సన్నబడి, వాటికి ఒక లాలిత్యం, ఒక గమనం సిద్ధిస్తాయి.

తొలుత గ్రంథమంతా ఇటాలిక్‌లోనే ముద్రించేవారు. కాలక్రమంలో అది నిటారు అక్షరాలకు తోడుగా నిలిచినది. నేడు గ్రంథాల పేర్లకు, అన్యభాషాపదాలకు, నొక్కి చెప్పవలసిన మాటలకు దానిని వాడుతున్నారు. మామిడి శాస్త్రీయ నామమైన మాంజిఫెరా ఇండికాను అచ్చులో ఇటాలిక్‌లో ముద్రించడం, చేతివ్రాతలో దాని కింద గీత గీయడం సైన్సు విద్యార్థులకు పరిచితమే. ఆ స్వల్పత్వమే దాని బలం. పుటంతా వాలు అక్షరాలే అయితే కంటికి శ్రమ మిగులుతుంది, విశేషమన్నది కనిపించదు.

మరి తెలుగు మాట ఏమిటి? కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే తెలుగు అక్షరాలూ వాలిపోతాయి. శుభలేఖలలో, కళాశాల సంచికలలో ఈ వాలు రూపాన్ని తరచుగా చూస్తున్నాము. కాని అది యంత్రం వంచిన వంపే గాని, మన చేతివ్రాత నుండి పుట్టిన వేరొక అక్షరరూపం కాదు. గుండ్రని తలకట్టు, కొమ్ము, సుడి ఆ వంపులో తమ పొందికను కోల్పోతాయి. పైగా నొక్కి చెప్పడానికి తెలుగుకు స్వతస్సిద్ధమైన సాధనం ఉన్నది. ‘రాముడు చెప్పాడు’ అనే వాక్యాన్ని ‘రాముడే చెప్పాడు’ అని మారిస్తే చాలు; ఒక్క ఏకారం ఆ పని నెరవేరుస్తుంది.

కావ్యానికి ఔచిత్యమే ప్రాణమని అలంకారశాస్త్రంలో క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. అక్షరానికీ అదే న్యాయం వర్తిస్తుంది. విద్యార్థులారా! ఇటాలిక్ సొగసును ఆంగ్లంలో తగినచోట మితంగా వాడండి. తెలుగు వ్రాసేటప్పుడు మాత్రం మన అక్షరాన్ని దాని సహజమైన గుండ్రదనంతోనే నిలవనివ్వండి.