పాతకథలకు క్రొత్త ప్రార్థనలు

నవల చదివిన ఆడుపిల్ల చెడిపోవునను మాట మన యిండ్లలో వినబడుట మాని చాలకాలమైనది. దాని స్థానమున నిప్పుడు వేఱొక మాట వినవచ్చుచున్నది. నవల చదువవచ్చునట, కాని యది శుద్ధిచేసిన నవల కావలెనట. మా నర్సీపట్నమున గూడ తల్లిదండ్రులు పలువురు, హిందువులును క్రైస్తవులును, పిల్లల కే పుస్తకము లీయవచ్చునని మమ్ము నడుగునపుడు ఈ నియమమును ముందుగానే విధించుచున్నారు. అడుగుట మంచిదే. శుద్ధి యనగా నేమో మాత్రము వారు విచారింపరు.

ఈ శుద్ధికార్యము అమెరికాలో గొప్ప వర్తకము. కెనడా రచయిత్రి జనెట్ ఓక్ 1979లో 'లవ్ కమ్స్ సాఫ్ట్లీ' యను నవలను ప్రకటించినది మొదలు క్రైస్తవ ప్రణయకథ యచ్చట ప్రత్యేకశాఖయై పెరిగినది. బూతుమాట యుండరాదు, పడకగది తలుపు మూసియుండవలెను, నాయకుడో నాయికయో దైవమునకు దూరమై మరల దగ్గఱ కావలెను. ఈ శాఖకు పుట్టిన యొక కొమ్మ ప్రసిద్ధములైన పాతనవలలను తిరిగి చెప్పుట. డెబ్రా వైట్ స్మిత్ 2004 మొదలుకొని జేన్ ఆస్టెన్ నవల లాఱింటిని వరుసగా నేటి అమెరికాకు మార్చి వ్రాసినది. వానిలో మొదటిదాని కథ టెక్సాసు పట్టణమున 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ను నాటకముగా నాడువారి నడుమ నడచును. కాథరిన్ రే 2013లో వ్రాసిన 'డియర్ మిస్టర్ నైట్లీ'కి జీన్ వెబ్‌స్టర్ 1912 నాటి 'డాడీ లాంగ్ లెగ్స్' మాతృక.

ఇవి క్రైస్తవగ్రంథములని మేము తప్పుపట్టుట లేదు. పాతకథను తిరిగి చెప్పుటయు తప్పుగాదు. తప్పని యెంచినచో తెలుగు సాహిత్యమున మిగులునది స్వల్పమే. మాతృకలో ధర్మము లేదనియు, తాము దానిని దెచ్చి యందు బోయుచున్నామనియు తలచుటయే మాకు సహింపరాని పని.

జేన్ ఆస్టెన్ మతాచార్యుని కూతురు. అన్నదమ్ములలో నిరువురు గురువులైరి. ఆమె సమాధి వించెస్టరు దేవాలయమున నున్నది. అట్టి యిల్లాలి బిడ్డ 1813లో లోకమునకు చూపిన మతగురువెవడు? కాలిన్స్. తన పెండ్లి కోరికకు కారణములను పద్దు చదివినట్లు చదివి వినిపించు మహానుభావుడు. చిన్నపిల్ల లిడియా యొకనితో లేచిపోయినపుడు, ఆమె చచ్చియున్న బాగుండెడిదనియు, ఆమెను శాశ్వతముగ విడువుడనియు తండ్రికి ఉత్తరము వ్రాసినవాడు నితడే. క్షమను గూర్చి యీతని యభిప్రాయమేపాటిదో చూడుడని ఆ తండ్రి యెత్తిపొడుచును. ఒక యాడుపిల్ల కాలుజాఱినపుడు భక్తులమనుకొనువా రెట్లు ప్రవర్తింతురు? ఆస్టెన్ పెట్టిన పరీక్ష యిది. దీనికి మించిన ధర్మోపన్యాస మేది? నాయికచేత మోకాళ్లూనించి ప్రార్థన చేయించి, ఆ ప్రార్థనకు ఫలముగ వరుని దెచ్చి నిలుపువారికి ఆ పరీక్ష కనబడలేదు.

ఫ్రాన్సీన్ రివర్స్ సంగతి కొంచెము వేఱు. ఆమె 1991లో వ్రాసిన 'రిడీమింగ్ లవ్' బైబిలులోని హోషేయ ప్రవక్త కథను కాలిఫోర్నియాలో బంగారము త్రవ్వు దినములకు మార్చినది. వేశ్యయైన నాయిక కోపము ఆ పుస్తకమున నిజమైన కోపము. అది మేము కాదనము. కాని చూడుడు: 1997లో క్రైస్తవ ప్రచురణశాలకు ఆ పుస్తకమును మరల సవరించి యీయవలసివచ్చినది. శుద్ధిచేసినదానికే మఱల శుద్ధి! ఇక మాతృకలో నేమున్నది? ప్రవక్త తన భార్య గోమెరును పదునైదు తులముల వెండియు, కొంత యవలును ఇచ్చి తిరిగి కొనెను. తరువాత నామె యేమైనదో గ్రంథము చెప్పదు. ఆమె నోట నొక్కమాటయైన లేదు. ఆ మౌనము భయంకరమైనది. చదువరిని రాత్రి నిద్రపోనీయదు. నవలలో నామె భర్తను చేరి బిడ్డలను గని సుఖముండును. మౌనము పోయినది, చదువరికి నిద్రవచ్చినది.

మన యింటివారు నవ్వనక్కఱలేదు. సత్యనారాయణవ్రతకథను గుర్తునకు దెచ్చుకొనుడు. చాలకాలమునకు వచ్చిన మగని జూడవలెనని కళావతి ప్రసాదము తినక పరుగెత్తినది. ఓడతో గూడ మగడు మునిగెను. తిరిగి వచ్చి ప్రసాదము తినగా ఓడ తేలెను. భక్తికి కూలి మగడు. భక్తిలోపమునకు శిక్ష వైధవ్యము. అమెరికా ప్రణయకథయు నీ యచ్చులో పోసినదే. మగడు త్రాగివచ్చి కొట్టుచుండగా, తన ప్రార్థనలోనో నోములోనో లోపమున్నదని తన్ను తానే నిందించుకొను స్త్రీలు మన వీథులలో లేరా? వారి చేతికి నీ పుస్తక మిచ్చుట దెబ్బమీద ఉప్పు చల్లుటయే. పుస్తకము వినోదమునకే కదా యని యనువారు ఆ స్త్రీలలో నొకరిని అడిగి చూతురు గాక.

ఇంచుమించుగ నిట్టి పనియే మన నవలకు పుట్టుక నిచ్చినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో 'వివేకవర్ధని'యందు రాజశేఖరచరిత్రమును ప్రకటింప నారంభించిరి. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు' దానికి ప్రేరకము. అచ్చటి కథానాయకుడు క్రైస్తవ మతగురువు. ఆతని ధనమును వర్తకుడు గొని పాఱిపోయెను, కొడుకు మోజెస్ గుఱ్ఱము నమ్మి పచ్చకళ్లద్దములు కొని తెచ్చెను, చివరకు చెఱసాల. క్రైస్తవగురువు స్థానమున పంతులుగారు నిలిపినది ధవళేశ్వరపు బ్రాహ్మణగృహస్థుని. అంతమాత్రమైనచో నది వేషము మార్పే. కాని ధనము పోవు విధమును గమనింపుడు. బంగారము చేసెదనని నమ్మించి యింటిలోని వెండి బంగారములను గొని మాయమైన యోగి గోల్డ్‌స్మిత్ ఊరివాడు గాడు, మన యూరివాడు. చుట్టుజేరి పొగడి తినువారు, జ్యోతిషులు, భూతవైద్యులు అందఱును మన వీథివారే. పరాయివాని కథలో తన యింటి మురికిని బోసి చూపిన ధైర్యమది. ఈ పుస్తకము 1887లో 'ఫార్చూన్స్ వీల్' అను పేర ఇంగ్లీషై లండనునకు తిరిగి పోయినది. పిదప 'గలివరు యాత్రల' తోవబట్టి పంతులుగారు వ్రాసిన సత్యరాజా పూర్వదేశయాత్రలలో స్త్రీలు మగవారి నేలెడు దేశమున్నది. స్త్రీకి మనము చేయుచున్నవన్నియు నచ్చట మగవానికి జరుగును. చదివిన మగవారికి ఒడలు మండియుండును, మండవలెననియే వ్రాసినది.

పంతులుగారియందును ప్రక్షాళనబుద్ధి లేకపోలేదు. తంజావూరి ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును స్త్రీలు వినదగనిదని నిందించినది వారే. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని సమగ్రముగ నచ్చువేయించి, మగకవుల శృంగారమునకు లేని యభ్యంతరము దీనికేల యని నిలదీసిరి. ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించెను. 1947లో ప్రకాశము పంతులుగారు నిషేధమును తొలగించువఱకు నది దొరకలేదు. ఇందు మేము నాగరత్నమ్మగారి పక్షము.

క్రైస్తవుడు పాతకావ్యమును తిరిగి చెప్పిన నెట్లుండునో చూడగోరువారు అమెరికాకు పోనక్కఱలేదు, వినుకొండకు పోవలెను. గుఱ్ఱము జాషువా 1941లో 'గబ్బిలము'ను వెలువరించెను. కాళిదాసుని మేఘసందేశమున యక్షుడు భార్యావిరహమున మేఘమును దూతగ బంపెను. జాషువా నాయకుడు తంజావూరి యంటరానివాడు, వానిది కడుపుకోత. కాశీవిశ్వేశ్వరుని కడకు వాడు పంపిన దూత గబ్బిలము. ఏలయన గుడిలో దానికి చోటున్నది, వానికి లేదు. మేఘము గబ్బిలమైన ఆ యొక్క మార్పులో నెంత వేదాంతము, ఎంత వెక్కిరింత! కవి క్రైస్తవకుటుంబమున పుట్టినవాడు. అయినను మతములో కలిసినంతనే కడగండ్లు తీఱునని నాయకునిచేత చెప్పింపలేదు. సంస్కృతము చదివిన మావంటివారు మేఘసందేశమును పాఠము చెప్పి, 'గబ్బిలము'ను చెప్పక విడుచుట సిగ్గుచేటు.

కావున మన క్రైస్తవమిత్రులకు మా విన్నప మిది. ఆస్టెనును తెలుగున తిరిగి చెప్పదలచినచో చెప్పుడు. సరకు సమృద్ధిగా నున్నది. ఐదుగురు కూతుళ్లుగల యొక యుపాధ్యాయుని యింట కథ మొదలుపెట్టుడు. కాలిన్స్ పాస్టరుగారై రానిండు. 1961లోనే కట్నమును చట్టము నిషేధించినను ఆయన తల్లి కానుక యను పేర నెంత యడుగునో లెక్కతో వ్రాయుడు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము క్రైస్తవుడైన మాలవాడును మాదిగవాడును షెడ్యూల్డు కులపువాడు గాడు; ఆంధ్రదేశమున వెనుకబడినవర్గముల 'సి' విభాగమున జేరును. అందుచే మందిరమున నొక పేరు, పాఠశాల పుస్తకమున నొక పేరు గల పిల్లలున్నారు. పెండ్లిచూపులనాడు వరునివారు ఆ రెండుపేర్లలో దేనిని అడుగుదురు? ఆ పిల్ల దేనిని చెప్పును? బాప్తిస్మము పొందినను పాతకులము నడిగి సంబంధము కుదుర్చువారు ఆదివారమున నే బెంచీపై కూర్చుందురు? ఇవియన్నియు వ్రాసి, నాయికచేత ప్రార్థనయు చేయింపుడు. మా కభ్యంతరము లేదు.

అట్టి నవల యచ్చుపడిననాడు మొదటి ప్రతికి వెల మేము పంపెదము.